దర్శనం కలిగిందనేవారిని పునీతులే ముందు ఎందుకు అనుమానించారు?

తెనాలి_జపమాల

అందరికీ వందనాలు. మా ప్రార్థన కూటమిలో జరిగిన ఒక సంగతి నన్ను బాగా కలవరపెడుతోంది. అక్కడ ఒక అక్కకి ప్రార్థనలో మాటలు వినిపిస్తాయంటారు. "ప్రభువు నాతో చెప్పారు" అని ఆమె మొదలుపెడితే ఇక ఎవరూ నోరెత్తరు. మొన్న జ్వరంతో ఉన్న ఒక పిల్లవాడి తల్లితో, "మీ ఇంట్లో దాచిన పాపం ఉందని ప్రభువు చూపించారు" అంది. ఆ తల్లి అప్పటి నుంచి కూటమికి రావడం లేదు.

అక్క అబద్ధాలాడే మనిషి కాదు. ఉపవాసాలుంటుంది, రోజూ పూజకి వస్తుంది. అందుకే నాకు ఏమనాలో తెలియడం లేదు.

ఇదే సమయంలో 16వ శతాబ్దపు స్పెయిన్ మఠకన్య, పునీత అవిలాపురి తెరేసమ్మ గారి ఆత్మకథ చదువుతున్నాను. దర్శనాలు కలిగినప్పుడు ఆమె పొంగిపోలేదు, భయపడింది. తెలిసిన గురువులనల్లా అడిగింది. దేవుడు నిజంగా దగ్గరకొస్తే మనిషికి ధైర్యం రావాలి కదా, ఈ అనుమానం ఎందుకు? మన సంప్రదాయంలో దైవానుభవానికీ వినమ్రతకీ ఉన్న సంబంధం ఏంటో చదివినవాళ్లు చెప్పండి.

పాత_ఉపదేశి

అమ్మా, తెరేసమ్మ గారి భయం ఊరికే పుట్టింది కాదు. ఆమె 1515లో స్పెయిన్‌లో పుట్టారు. ఆమె యవ్వనంలో ఆ దేశమంతా మాగ్దలేనా దె లా క్రూస్ అనే మఠకన్య పేరు మారుమోగుతుండేది. కోర్దోబాలో పునీత క్లారమ్మ సభ మఠానికి ఆమె పెద్ద. పరవశాలు, ఒంటి మీద గాయాలు, దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తప్ప మరేమీ తినదన్న ఖ్యాతి. రాజకుటుంబం కూడా ఆమె దీవెన కోరింది. చివరికి జబ్బుపడి మంచం పట్టాక అదంతా మోసమని ఆమే ఒప్పుకుంది. 1546లో ఇన్‌క్విజిషన్, అంటే అప్పటి మతవిచారణ న్యాయస్థానం, ఆమెకు శిక్ష వేసింది.

ఆ తర్వాత పదేళ్లు గడవక ముందే తెరేసమ్మ గారికి లోతైన అనుభవాలు మొదలయ్యాయి. ఆ రోజుల్లో స్త్రీలు సైతాను చేతిలో మోసపోయిన సంఘటనలు జరిగాయి కాబట్టి తనకూ భయం వేసిందని ఆమే రాశారు. మొదట సలహా అడిగింది ఫ్రాన్సిస్కో దె సాల్సేదో అనే భక్తిపరుడైన గృహస్థుణ్ణి, గస్పార్ దాసా అనే గురువుని. ఇద్దరూ కూర్చుని ఆలోచించి, ఇది సైతాను పని అని తేల్చారు. ఆ మాట విని ఆమె ఎంత ఏడ్చారో ఆ పుస్తకంలోనే ఉంది. తర్వాత యేసుసభ గురువులు ధైర్యం చెప్పారు. 1560లో అల్కాంతరా పునీత పేతురు గారు వచ్చి ఇది దేవుని పనే అన్నాక కొంత కుదుటపడ్డారు.

నువ్వు ఆత్మకథ ఎక్కడిదాకా చదివావో గానీ, ఈ సలహాలు అడగడాన్ని పిరికితనం అనుకోవద్దు. తనకు తానే న్యాయమూర్తి కాకూడదని ఆమె గట్టిగా నమ్మారు. వినమ్రతలో మొదటి మెట్టు నా దృష్టిలో అదే.

బ్రదర్_సెమినరీ

ఉపదేశి గారికి వందనాలు. తెనాలి అక్కా, మీ ప్రశ్నకి తెరేసమ్మ గారి కన్నా సూటిగా జవాబిచ్చింది కర్మెలు సభలో ఆమె తోటి సంస్కర్త, సిలువ పునీత యోహాను గారు. కర్మెలు కొండ ఎక్కడం గురించి ఆయన రాసిన గ్రంథం రెండో భాగంలో ఈ విషయం విడవకుండా నడుస్తుంది. తన రోజుల్లో ధ్యానం కాస్త అలవాటైన వాళ్లు కూడా లోపల నాలుగు మాటలు తోస్తే చాలు, "దేవుడు నాతో అన్నాడు, దేవుడు నాకు జవాబిచ్చాడు" అంటున్నారని, అది చూస్తే తనకు భయమేస్తోందని రాశారు. చాలాసార్లు ఆ మాటలు వాళ్లు తమకు తామే చెప్పుకుంటున్నవి అంటారాయన. వాళ్లు అబద్ధం ఆడుతున్నారని మాత్రం అనరు. మనసు ఏకాగ్రతలో ఉన్నప్పుడు ఆలోచనలు చాలా తేటగా, ఎవరో బయట నుంచి పలికినట్టు వస్తాయని, మనిషి దాన్ని నిజాయితీగానే పొరబడతాడని వివరిస్తారు. మీ కూటమి అక్క విషయంలో ఈ మాట పనికొస్తుందనుకుంటాను.

మరి దర్శనం నిజంగా దేవుని నుంచే వస్తే, దాన్ని పట్టించుకోకపోతే నష్టం కాదా? కాదంటారు. దేవుడు ఇచ్చినదైతే, అది వచ్చిన క్షణంలోనే ఆత్మలో చేయాల్సిన మేలు చేసేస్తుంది. మనం దాన్ని పట్టుకుని వేలాడనక్కర్లేదు. దేవుడిది కాకపోతే, పట్టుకోకపోవడం వల్ల కీడు తప్పుతుంది. రెండు విధాలా వదిలేయడమే క్షేమం. ఇంత కఠినంగా ఎందుకంటారా? తండ్రి తాను చెప్పాల్సిందంతా కుమారుడిలో ఒకేసారి చెప్పేశాడు, కొత్త మాట కోసం వెతికేవాడు క్రీస్తు మీద నుంచి చూపు తిప్పుకుంటున్నాడు అన్నది ఆయన వాదన. మన సత్యోపదేశ గ్రంథం (శ్రీసభ బోధనల పుస్తకం) 65వ పేరాలో ఆయన్నే ఉదహరించారు. 67వ పేరాలో, వ్యక్తిగతంగా కలిగే దర్శనాలు క్రీస్తు ప్రత్యక్షతను సరిదిద్దలేవు, దానికి ఏదీ కలపలేవు అని ఉంది.

ఏలూరు_జోజి

అందరూ పెద్దవాళ్లు, నేను చిన్నవాణ్ణి. అయినా ఒక మాట అడగాలి. వినమ్రత పేరుతో ఎంతమంది నోళ్లు మూయించారో ఎవరూ మాట్లాడరేం? తెరేసమ్మ గారి చుట్టూ ఉన్నవాళ్లంతా మగ గురువులు. ఆమె ఆత్మకథని 1575లో ఇన్‌క్విజిషన్ తీసుకెళ్లిపోయింది, ఆమె బతికుండగా తిరిగి ఇవ్వలేదు. అచ్చయింది చనిపోయిన ఆరేళ్లకి, 1588లో. సిలువ యోహాను గారిని ఆయన సొంత సభవాళ్లే 1577 డిసెంబరులో పట్టుకెళ్లి తొలెదో మఠంలో బంధించారు. తర్వాతి ఆగస్టులో ఆయనే తప్పించుకుని బయటపడ్డారు. ఇవన్నీ వినమ్రత పాఠాలేనా?

మా ఊళ్లో కూడా ఎవరైనా ప్రశ్న అడిగితే "తగ్గించుకో" అంటారు. ఆ మాట పైవాళ్లకి ఎవరూ చెప్పరు. నాకు కోపంగానే ఉంది.

కార్మెల్_బాట

జోజీ తమ్ముడూ, నీ కోపం న్యాయమైనదే. దానికి తెరేసమ్మ గారి జీవితంలోనే జవాబు ఉంది, కొంచెం ఓపికగా చదువు.

ఆమెకు క్రీస్తు దర్శనం తరచుగా కలుగుతున్న రోజుల్లో, మామూలుగా పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) వినే గురువు ఊళ్లో లేనప్పుడు, ఇంకొకాయన ఒక ఆజ్ఞ వేశాడు. దర్శనం కలిగినప్పుడల్లా సిలువ గుర్తు వేసుకుని, వేళ్లు మడిచి వెక్కిరింపు సైగ చూపించమన్నాడు. ఆ దేశంలో అది చాలా అవమానకరమైన సైగ. తాను ప్రేమించే ప్రభువు ఎదురుగా నిలబడితే ఆయనకే అలా చేయాలి! ఆమెకు ప్రాణం పోయినంత పనైంది. చేసింది. చేస్తూనే క్షమించమని ప్రభువుని వేడుకుంది. మాటిమాటికీ సిలువ గుర్తు వేసుకోలేక చేతిలో సిలువ పట్టుకుని కూర్చునేది. లోబడి మంచి పని చేశావని ప్రభువే తనతో అన్నారని, సత్యాన్ని తానే తెలియజేస్తానన్నారని రాసింది.

ఇక్కడితో ఆపేస్తే నువ్వన్నట్టే అవుతుంది. కానీ ఆమె ఇక్కడితో ఆపలేదు. చాలా ఏళ్ల తర్వాత, మఠాల స్థాపన గురించి రాసిన పుస్తకంలో ఈ విషయం మళ్లీ ఎత్తింది. దొమింగో బాన్యెస్ అనే దొమినికన్ పండితుడు ఆ సలహా తప్పని తనతో అన్నారని, మన ప్రభువు రూపం ఎక్కడ కనిపించినా గౌరవించాల్సిందేనని రాసిపెట్టింది. చదివేవాళ్లకి ఆ పొరపాటు ఎవరిదో తెలియాలి కాబట్టి రాసింది. అప్పుడు లోబడింది, తర్వాత నిజం చెప్పింది.

ఇంకొకటి. తనకు కలిగింది కలగలేదని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. సైతాను అని భయపెట్టినా, పుస్తకం పట్టుకెళ్లినా, "నాకేమీ కనపడలేదు" అని తప్పించుకోలేదు. ఆత్మని ఏడు నివాసాలున్న కోటగా చూపిస్తూ 1577లో రాసిన అంతరంగ కోట గ్రంథంలో, ఆరో నివాసంలో, ప్రభువుకి వినమ్రత అంటే ఎందుకంత ఇష్టమో ఒకరోజు తనకు తట్టిందని చెబుతుంది: దేవుడు పరమ సత్యం, వినమ్రత అంటే సత్యంలో నడవడం. నాలో మంచి ఏదైనా ఉంటే అది నాది కాదు, ఇచ్చినవాడిది. అది నిజం. అలాగే ఇచ్చినవాడు ఇచ్చాడు. అదీ నిజమే. రెండోదాన్ని దాచేస్తే వినమ్రత సగమే అవుతుంది.

దొంగ వినమ్రత గురించి ఆమెకన్నా బాగా రాసినవాళ్లు నాకు కనపడలేదు. వయసులో ఉండగా ఒక ఏడాదికి పైగా ఆమె మౌన ప్రార్థన మానేసింది. సోమరితనం వల్ల కాదు. "ఇంత లోపాలున్న నేను దేవునితో స్నేహంగా ఎలా కూర్చుంటాను, నోటితో చెప్పే జపాలు చాలు నాకు" అనుకుని మానేసింది. తన జీవితంలో సైతాను పెట్టిన అతి భయంకరమైన శోధన అదేనని తర్వాత రాసింది. చూడు, తగ్గించుకోవడం కూడా దేవుని నుంచి దూరం చేయగలదని ఆమెకు అనుభవం మీద తెలుసు. నీకెవరైనా "తగ్గించుకో" అన్నప్పుడు, ఆ మాట నిన్ను ప్రార్థనకి దగ్గర చేస్తోందా, దూరం చేస్తోందా చూసుకో. దూరం చేస్తుంటే తెరేసమ్మ గారు నీ పక్షానే ఉన్నారు.

పాత_ఉపదేశి

అమ్మా, చాలా బాగా చెప్పావు. దొంగ వినమ్రత సంగతి నేను పిల్లలకి ఉపదేశం చెప్పేటప్పుడు ఎప్పుడూ చెప్పలేదు. ఇకపై చెప్తాను.

నర్సు_హైదరాబాద్

నేను ఆస్పత్రిలో పనిచేస్తాను కాబట్టి ఇంకో కోణం చెప్తాను. తెరేసమ్మ గారిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆవిడ ఇంగితం. అంతరంగ కోటలోనే, నాలుగో నివాసంలో, ఒకామె గురించి రాశారు. ఎనిమిది గంటలపాటు పరవశంలో ఉన్నట్టు పడి ఉండేది. స్పృహ తప్పదు, దేవుని గురించి ఏమీ తెలిసేదీ కాదు. అందరూ ఆమెను చూసి ఆశ్చర్యపోతున్నారు. అసలు కారణం కనిపెట్టినవాళ్లు ఏం చేశారు? ఉపవాసాలు, కఠిన తపస్సు తగ్గించారు, కడుపునిండా తినమన్నారు, నిద్రపొమ్మన్నారు. ఆ పరవశం పోయింది. నీరసాన్ని దైవానుభవం అనుకోవద్దని మఠాల్లో పెద్దలను ఆమె హెచ్చరించారు. ఇలాంటివాళ్లకి ప్రార్థన గంటలు తగ్గించి ఇంటిపనులు అప్పగించమన్నారు.

మనసు బాగాలేనివాళ్లకి మాటలు వినిపిస్తే ఎలా వ్యవహరించాలో కూడా ఆమె చెప్పారు. వాళ్లను తిట్టకూడదు, అది సైతానని భయపెట్టకూడదు. జబ్బుమనిషి మాట విన్నట్టు నెమ్మదిగా వినాలి, వాటిని పట్టించుకోవద్దని చెప్పాలి. 16వ శతాబ్దంలో రాసిన మాటలివి! వార్డులో పనిచేసేవాళ్లకి ఈ పద్ధతి ఎంత విలువైనదో తెలుసు.

పోలండ్‌కి చెందిన ఫౌస్తీనమ్మ గారి విషయంలోనూ అంతే. దివ్యకారుణ్య దర్శనాల గురించి ఆమె చెప్పినప్పుడు ఆధ్యాత్మిక గురువు సొపొచ్కో ముందు ఆమెను మానసిక వైద్యురాలి దగ్గర పరీక్ష చేయించారు. ఆమె బాధపడలేదు, వెళ్లింది. తెనాలి అక్కా, మీ కూటమిలోని ఆవిడ ఉపవాసాలు ఎక్కువ చేస్తుందన్నారు. సరిగ్గా తింటోందా, నిద్రపోతోందా? దయచేసి ఇది ఆమెను తక్కువచేసి అడుగుతున్న ప్రశ్న అనుకోవద్దు.

తెనాలి_జపమాల

నర్సు అక్కా, మీరు అడిగాక ఆలోచించాను. తినడం బాగా తగ్గించింది. రాత్రి జాగారాలు కూడా ఉన్నాయి. ఇది నాకు అసలు తట్టలేదు.

కానీ ఒక సందేహం. తిండి, నిద్ర, డాక్టరు అంటూ పోతే చివరికి ఏ దర్శనమూ మిగలదేమో. ఫ్రాన్స్‌లోని లూర్దులో మరియతల్లిని చూసిన బెర్నదెత్తమ్మని కూడా అప్పుడు పిచ్చిదన్నారు కదా. ప్రతి ఫిబ్రవరిలో గుణదలకి వెళ్లేవాళ్లం మనం, ఆ కొండ మీద మొక్కేది లూర్దుమాతకే. బెర్నదెత్తమ్మ మాట నమ్మకపోతే మనకి ఆ పండుగ ఎక్కడిది?

గుణదల_మెట్లు

మంచి ప్రశ్న అడిగావు చెల్లీ. బెర్నదెత్తమ్మ గారి కథ నాకు ప్రాణం, అందుకని కొంచెం పెద్దగా రాస్తున్నాను.

1858 ఫిబ్రవరి 11 నుంచి జూలై 16 దాకా ఆమెకు 18 సార్లు దర్శనం కలిగింది. అప్పటికి వయసు 14. చదువు రాదు, ఉబ్బసం, కుటుంబం ఉండేది పాత జైలుగదిలో. పోలీసు కమిషనర్ ప్రశ్నించాడు, డాక్టర్లు పరీక్షించారు, విచారణ గురువు (ఆ ఊరి గుడి బాధ్యత చూసే ఫాదర్) పెరమాల్ కసురుకున్నారు. ఆమె ఎవరితోనూ వాదించలేదు. చెప్పమన్నది చెప్పడమే నా పని, మిమ్మల్ని నమ్మించడం నా పని కాదు అన్న ధోరణిలోనే జవాబిచ్చేది. డబ్బులు చేతిలో పెట్టబోతే తోసేసేది. తార్బ్ పీఠాధిపతి లోరాన్స్ గారు విచారణ జరిపించి 1862 జనవరిలో దర్శనాలను ఆమోదించారు. దాదాపు నాలుగేళ్లు ఆగారు.

నాకు అసలు గొప్పగా అనిపించేది ఆ తర్వాతి కథ. 1866లో నెవేర్ పట్టణంలో మఠంలో చేరింది. లూర్దుకి మళ్లీ వెళ్లలేదు. అక్కడ రోగుల గదిలో సహాయకురాలు, తర్వాత గుడి సామాన్లు చూసుకునే పని. నొవీషియేట్‌లో (కొత్తగా చేరినవాళ్ల శిక్షణలో) పెద్దసిస్టర్ ఆమెతో కఠినంగానే ఉండేది. ఒకసారి లూర్దు ఫొటో చూపించినప్పుడు, చీపురుతో పని అయిపోయాక ఏం చేస్తారని అడిగి, తలుపు వెనక పెడతారు కదా, మరియతల్లి నన్ను అలాగే వాడుకుంది, నా చోటు అదే అందని చెబుతారు. 1879లో, 35 ఏళ్లకే చనిపోయింది. శ్రీసభ 1933లో ఆమెను పునీతురాలిగా ప్రకటించినప్పుడు చూసింది ఆమె జీవించిన తీరుని, మరియతల్లిని చూసినందుకు కాదు.

ఇప్పుడు చూడు. ఆమె తన దర్శనాన్ని వాడి ఎవరి మీదా పెత్తనం చేయలేదు. ఎవరి ఇంటి పాపాలూ బయటపెట్టలేదు. ప్రాయశ్చిత్తం చేయమన్న మాటని ముందు తానే పాటించింది, బురదనీళ్లు తాగి, మోకాళ్ల మీద పాకి. డాక్టర్ల దాకా పోతే ఏ దర్శనమూ మిగలదేమో అని నువ్వు భయపడ్డావు. ఆమె దర్శనాన్ని డాక్టర్లూ, పోలీసులూ, పీఠాధిపతీ అందరూ పరీక్షించాకే కదా అది గుణదల దాకా వచ్చింది.

త్రిశ్శూర్‌లో_తెలుగు

ఇక్కడ కేరళలో ఉద్యోగం. మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. మరియం త్రేసియా గారు (1876–1926) పుత్తన్‌చిరలో పుట్టారు. పరవశాలు, పంచగాయాలు (సిలువ మీద క్రీస్తుకి కలిగినలాంటి ఐదు గాయాలు) ఉండేవి, గాయాలు దాచుకునేవారు. అప్పటి బిషప్ గారికి అనుమానం వచ్చి 1902 నుంచి 1905 దాకా ఆమె మీద భూతవైద్య ప్రార్థనలు చేయించారు. చేసింది విచారణ గురువు జోసఫ్ విత్తయత్తిల్ గారు. అదే గురువు ఆ తర్వాత ఆమె చనిపోయేదాకా ఆధ్యాత్మిక తండ్రిగా నిలబడ్డారు. వీళ్లిద్దరూ కలిసి 1914లో పవిత్ర కుటుంబ సభ స్థాపించారు. ఆమె ఇంటింటికీ తిరిగి రోగులకు సేవ చేసేది, ఎవరూ ముట్టనివాళ్లకి కూడా. 2019లో పునీతురాలయ్యారు. ఇక్కడివాళ్లు ఆమె గాయాల కంటే ఆ ఇళ్ల సందర్శన గురించే ఎక్కువ మాట్లాడతారు.

ఏలూరు_జోజి

కార్మెల్ అక్కా, బాన్యెస్ గారి సంగతి నాకు తెలియదు. దాని గురించి ఆలోచిస్తున్నాను. ఒప్పుకున్నట్టు కాదు, కోపం కొంచెం తగ్గింది.

ఇంకో ప్రశ్న. అనుభవమే లేనివాళ్ల సంగతేంటి? నేను పూజలో కూర్చుంటే నాకేమీ అనిపించదు. ఎప్పుడూ అనిపించలేదు. ఈ చర్చంతా చదువుతుంటే నాలాంటివాళ్లు బయట నిలబడ్డట్టుంది.

బ్రదర్_సెమినరీ

జోజీ, నువ్వు బయట లేవు. ఫ్రాన్స్‌లోని లిసియు మఠకన్య చిన్న తెరేసమ్మ గారు ప్రార్థనలో చాలాసార్లు నిద్రపోయేవారు, ఆ మాట దాచలేదు. దర్శనాలు కావాలని కోరుకోలేదు. 1896 పాస్కా పండుగ నుంచి 1897 సెప్టెంబరులో చనిపోయేదాకా మోక్షం ఉందన్న ఆలోచనే చీకటిగా మారింది. ఆమెను 1997లో శ్రీసభ పండితురాలిగా ప్రకటించారు.

మదర్ తెరెసా గారి విషయం నీకు ఇంకా దగ్గర. 1946 సెప్టెంబరు 10న డార్జిలింగ్ వెళ్లే రైల్లో పేదల కోసం పిలుపు వినిపించింది. ఆమె వెంటనే మఠం వదిలి వీధిలోకి వెళ్లలేదు. కలకత్తా ఆర్చ్‌బిషప్ పెరియే గారు ఆగమన్నారు. ఆగింది. రోమ్ అనుమతి వచ్చాక, 1948 ఆగస్టులో లొరెటో మఠం విడిచింది. పని మొదలైనప్పటి నుంచి లోపల చీకటి కమ్మింది. దేవుడు లేనట్టే అనిపించేదని గురువులకు ఉత్తరాల్లో రాసుకుంది. ఆ చీకటి మధ్యలో ఒకసారి కొన్ని వారాలు తెరపి ఇచ్చింది తప్ప, దశాబ్దాల పాటు ఉండిపోయింది. ఆ ఉత్తరాలు కాల్చేయమని ఆమె కోరింది. చదివినవాళ్లు యేసు గురించి కాకుండా తన గురించి ఎక్కువ ఆలోచిస్తారని ఆమె భయం. అవి 2007లో పుస్తకంగా వచ్చాయి. ఏమీ అనిపించకుండానే ఆమె ప్రతి ఉదయం దివ్యసత్ప్రసాదం ముందు కూర్చుంది. నువ్వు కూర్చుంటున్నదీ అక్కడే.

కార్మెల్_బాట

బ్రదర్ చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. పెద్ద తెరేసమ్మ గారు, అంటే అవిలాపురి తెరేసమ్మ గారు, తన సిస్టర్లకి గట్టిగా చెప్పిన మాట ఇది: దర్శనాలు పొందినవాళ్లు పొందనివాళ్లకన్నా పవిత్రులు అనుకోవద్దు. ఎవరు ఎక్కువ ప్రేమిస్తున్నారు, ఎవరు సేవ చేస్తున్నారు, అది చూడమంది. ఏడో నివాసం, అంటే దేవునితో ఐక్యత చివరి దశ గురించి రాస్తూ కూడా ఆమె ముగించింది మార్తమ్మ పనులతోనే, అంటే సువార్తలో మార్తమ్మ చేసినలాంటి సేవతోనే. అక్కడికి చేరిన ఆత్మకి పరవశాలు దాదాపు ఆగిపోతాయని కూడా రాసింది. పరవశం గొప్పదైతే చివరి గదిలో ఎక్కువ కావాలి కదా!

తెనాలి_జపమాల

ఎంత చదివినా తనివి తీరడం లేదు. మరి ఇప్పుడు నేనేం చేయాలి? ఆ అక్కతో ఎదురుగా మాట్లాడితే కూటమి చీలిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పెద్దలు చెప్పండి.

పాత_ఉపదేశి

అమ్మా, నాకు తోచింది చెప్తాను. ముందు, అక్క అన్న మాటని సువార్త పక్కన పెట్టి చూడు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి "ఇతను పాపం చేశాడా, ఇతని తల్లిదండ్రులా?" అని శిష్యులు అడిగితే, ఇతనూ కాదు, తల్లిదండ్రులూ కాదు అన్నారు ప్రభువు. యోహాను 9వ అధ్యాయం. బ్రదర్ చెప్పిన 67వ పేరా ఇక్కడ పనిచేస్తుంది. క్రీస్తు చెప్పినదాన్ని తిరగేసే మాట క్రీస్తు నుంచి రాదు. తెరేసమ్మ గారు కూడా లేఖనాలకు రవ్వంత తేడాగా ఉన్న మాటని సైతాను మాటగానే చూడమన్నారు.

రెండోది, దీన్ని కూటమిలో అందరి ముందూ ఎత్తొద్దు. విచారణ గురువు గారి దగ్గరకి వెళ్లు. నిర్ణయం ఆయనకి వదిలిపెట్టు. రోమ్‌లో విశ్వాస సిద్ధాంత శాఖ 2024 మే 17న ఇలాంటి వాటి మీద కొత్త నియమాలు ఇచ్చింది. అందులో పీఠాధిపతి కూడా తొందరపడి "ఇది దేవుని నుంచే" అని ప్రకటించరు. చాలా బాగున్నా, "అభ్యంతరం లేదు" అనే దగ్గర ఆగుతారు. బిషప్పుగారే అంత జాగ్రత్తగా ఉంటే, కూటమిలో మనం ఒక మనిషి ఇంటి మీద తీర్పు చెప్పడం ఎలా కుదురుతుంది?

అక్కని మాత్రం దూరం చేయొద్దు. తోడుగా కూర్చుని భోజనం పెట్టు. ఆమె అబద్ధమాడటం లేదని నువ్వే అన్నావు.

తెనాలి_జపమాల

సరే మాస్టారూ. ఆదివారం రెండో పూజ అయ్యాక ఫాదర్ గారిని కలుస్తాను. ఆ తల్లి ఇంటికి మాత్రం రేపే వెళ్తాను. యోహాను 9 చదివి వినిపించాలనుకుంటున్నాను.

కార్మెల్_బాట

వెళ్లగానే వాక్యం తీయకు చెల్లీ. ఆ కుటుంబం ఇప్పటికే ఒకసారి దేవుని పేరుతో దెబ్బతింది. ముందు పిల్లవాడు ఎలా ఉన్నాడో అడుగు. ఆమె తానుగా ఆ మాట ఎత్తితే అప్పుడు చదువు.

నర్సు_హైదరాబాద్

జ్వరం ఎన్ని రోజుల నుంచి ఉందో కనుక్కోండి అక్కా. రక్తపరీక్ష చేయించారా, లేదా కూడా అడగండి. ఈ కాలంలో డెంగీ, టైఫాయిడ్ రెండూ చూడాలి. మూడు రోజులు దాటితే ఆగకుండా డాక్టరుకి చూపించమనండి. పిల్లవాడు నీళ్లు తాగుతున్నాడా, మూత్రం సరిగ్గా పోస్తున్నాడా చూడండి. రిపోర్టులు అర్థం కాకపోతే ఇక్కడ మెసేజ్ పెట్టండి, నైట్ డ్యూటీలో ఉన్నా చూస్తాను.